కలివికోడికి జెర్డాన్ పేరు ఎట్లా వచ్చింది? మన పేరు ఎందుకు రాలేదు?

ఈ పోస్టు కొంచెం పెద్దది. పిట్ట పేరు గురించి ఇంత రాయాలా అని కొందరికి అనిపించొచ్చు. కానీ ఇది పిట్టతో ఆగే సంగతి కాదు. ఓపిగ్గా చివరిదాకా చదవండి, ఆ తర్వాత ఒప్పుకోండి, లేదా పోట్లాడండి.

పోటీ పరీక్షలకి చదివే మనందరికీ ఒక బిట్టు తెలుసు. "జెర్డాన్స్ కోర్సర్ ఏ అభయారణ్యంలో ఉంది?" జవాబు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం, కడప జిల్లా. అందరం బట్టీ కొట్టాం, మార్కు తెచ్చుకున్నాం. కానీ జెర్డాన్ ఎవరు, కోర్సర్ అంటే ఏంది, ఆ పిట్టకీ మన మర్రిపాడు కొండలకీ సంబంధం ఏంది అని ఏ గైడులోనూ రాయరు. అది మనమే రాసుకోవాలి.

ముందు ఇంగ్లీషు పేరుని విప్పి చూద్దాం.

కోర్సర్ అనే మాట లాటిన్ లో "పరుగెత్తు" అనే మాట నుంచి పుట్టింది. ఇంగ్లీషులో ముందు వేగంగా పరుగెత్తే గుర్రాన్ని అట్లా పిలిచేవాళ్ళు. తర్వాత, ఎగరడం కంటే నేల మీద పరుగెత్తడానికే ఇష్టపడే పిట్టలకి ఆ పేరు పెట్టారు. అంటే మన మాటల్లో "పరుగుపిట్ట". ఇంతవరకు బాగానే ఉంది, పిట్ట చేసే పని పేరులో ఉంది.

దాని శాస్త్రీయ నామం రైనోప్టిలస్ బైటార్క్వేటస్. రైనోప్టిలస్ గ్రీకు మాట, ముక్కు, ఈక అనే రెండు మాటలు కలిపి కట్టింది. బైటార్క్వేటస్ లాటిన్, రెండు పట్టీలు మెడలో వేసుకున్నది అని అర్థం. నిజమే, ఆ పిట్ట రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి. చూసినవాడు చూసింది రాశాడు.

ఇక మిగిలింది జెర్డాన్. ఈ మాట పిట్ట గురించి ఏమీ చెప్పదు. ఒక మనిషి గురించి చెప్తుంది.

థామస్ కేవర్‌హిల్ జెర్డాన్ 1811లో ఇంగ్లండులో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీలో డాక్టరుగా మద్రాసు వచ్చాడు. 1840ల్లో మన నెల్లూరులోనే సివిల్ సర్జన్ గా పనిచేశాడు. పిట్టలు, పాములు, చీమలు, చెట్లు, ఆయన చూడనిది లేదు. 1862-64లో అచ్చయిన ఆయన పుస్తకం "బర్డ్స్ ఆఫ్ ఇండియా" చాలా ఏళ్ళు ఈ దేశంలో పక్షులు చూసేవాళ్ళకి చేతిపుస్తకం. నెల్లూరులో ఉన్నప్పుడు యానాదులతో కలిసి తిరిగి, వాళ్ళ దగ్గర అడవి సంగతులు నేర్చుకున్నాడని ఆయన జీవితం గురించి రాసినవాళ్ళు చెప్తారు. ఈ వాక్యం ఇంకోసారి చదవండి. నేర్చుకుంది డాక్టరు. నేర్పింది యానాదులు.

ఈ పిట్టని ఆయన సేకరించింది నెల్లూరుకి పడమర ఉన్న కొండ ప్రాంతం, కడప ప్రాంతం నుంచి. నెల్లూరుకి పడమర కొండలంటే ఇంకేం కొండలు? మన వెలికొండలే. మర్రిపాడు దాటి బద్వేలు రోడ్డు ఎక్కితే రెండు పక్కలా కనిపించే కొండలే. 1848లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ ఆ పిట్టకి శాస్త్రీయ నామం పెట్టాడు. ఇంగ్లీషులో దాన్ని జెర్డాన్ కోర్సర్ అనడం మొదలైంది.

అంటే ఆ పిట్ట మనదే, కొండ మనదే, దారి చూపించే అలవాటు ఉన్న కాళ్ళు మనవే. పేరు మాత్రం సర్జన్ గారిది.

మరి దానికి అంతకుముందు పేరు లేదా? ఉంది. జెర్డానే రాసిపెట్టాడు. తెలుగులో దాన్ని ఏమంటారో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు, "అడవి వుట తిత్తి" లాగా పలకాల్సిన మాట అది. అడవి అనే మాట స్పష్టంగా వినిపిస్తుంది. తిత్తి అన్నదాంట్లో తీతువు కూత లాంటిదేదో ఉన్నట్టే ఉంది. తక్కింది ఇంగ్లీషు అక్షరాల మధ్య నలిగిపోయింది. ఎవరో ఒక పెద్దాయన నోటితో చెప్పిన మాట అది. ఆ పెద్దాయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

ఇప్పుడు తెలుగులో వాడే పేరు కలివికోడి. కలివి అంటే మనకి చెప్పాలా? ముళ్ళ పొద, తెల్ల పూలు, కాయ తుంచితే పాలు కారతాయి, పండితే నల్లగా అయి పుల్లపుల్లగా తియ్యగా ఉంటుంది. మేకలు కాసిన ప్రతివాడూ తిన్నాడు. ఆ కలివి పొదలు, రేగు పొదలు, తుమ్మలు, వాటి మధ్య ఖాళీ నేల, ఇదే ఆ పిట్ట ఉండే చోటు. మరీ దట్టమైన అడవిలో ఉండదు, పూర్తిగా బోడి నేల మీదా ఉండదు. శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పొదలు లెక్కపెట్టి తేల్చిన సంగతి ఇది. కలివికోడి అనే ఐదు అక్షరాల్లో ఆ సంగతి మొత్తం ముందే ఉంది. పొదల్ని కాపాడితే పిట్ట ఉంటుంది అని పేరే చెప్తోంది.

మేము చెప్పేది ఇక్కడే మొదలవుతుంది. పేర్లు రెండు రకాలు. పిట్టని చూపించే పేరు ఒకటి, పిట్టని తన ఖాతాలో వేసుకునే పేరు ఇంకొకటి.

ఇంగ్లీషువాళ్ళ పేర్లన్నీ చెడ్డవని మేము అనడం లేదు. వాళ్ళ పల్లెటూరి పేర్లు మన పేర్ల లాంటివే. తీతువుని ఇంగ్లీషులో లాప్‌వింగ్ అంటారు. అది ఒడికీ రెక్కకీ సంబంధించిన మాటలాగా కనిపిస్తుంది కానీ, అసలు పాత ఇంగ్లీషులో ఎగిరి దూకుతూ ఊగేది అనే అర్థం వచ్చే మాట. అది ఎగిరే తీరు చూసి పెట్టారు. మనవాళ్ళు అది అరిచే తీరు విని తీతువు అన్నారు. పాలపిట్టని వాళ్ళు రోలర్ అంటారు, జత కోసం మగపిట్ట గాల్లో పల్టీలు కొడుతుంది కాబట్టి. ఇవన్నీ పొలం గట్టు మీద నిలబడి చూసినవాళ్ళు పెట్టిన పేర్లు. ఏ దేశం రైతైనా, ఏ దేశం వేటగాడైనా పేరు పెట్టేది ఇట్లాగే.

తప్పుగా పెట్టిన పేర్లు కూడా ఉన్నాయి. టర్కీ కోడి చూడండి. అది పుట్టింది మెక్సికో వైపు. ఇంగ్లీషువాళ్ళు టర్కీ దేశం పేరు తగిలించారు. టర్కీ దేశంలో దాన్నేమో "హిందీ" అంటారు, అంటే ఇండియాది అని. పాపం ఆ కోడికి ఈ రెండు దేశాలతోనూ సంబంధం లేదు! ఒకసారి పేరు అతుక్కుంటే, అది తప్పైనా సరే, వందల ఏళ్ళు నిలబడుతుంది. అందుకే పేరు ఎవరు పెడతారు అన్నది చిన్న విషయం కాదు.

ఇది మనకి ఇంకా బాగా తెలియాలి. ఎందుకంటే మనకీ ఇట్లాగే పేర్లు పెట్టారు. యానాదుల్లో రెడ్ల దగ్గర పని చేసినవాళ్ళు రెడ్డి యానాదులు. అడవిలో ఉన్నవాళ్ళు అడవి యానాదులు. ఎంగిలి కూడు తిన్నారని ఇంకొందరికి పెట్టిన పేరు ఇక్కడ రాయడానికి కూడా మాకు చెయ్యి రాదు. ఇవన్నీ మనం పెట్టుకున్నవా? పక్కన నిలబడి, మనం ఎవరికి పని చేస్తామో, ఏం తింటామో చూసి ఎవరో పెట్టినవి. అదే కాలంలో తెల్లదొరల సర్కారు కొన్ని కులాలకి పుట్టుకతోనే నేరస్థులు అని చట్టంలో పేరు పెట్టింది. ఆ చట్టం పోయింది. ఆ చూపు పోయిందా? ఊళ్ళో దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసె వైపు చూస్తారో మీకు తెలుసు.

మళ్ళీ పిట్ట దగ్గరికి వద్దాం. 1900లో అనంతపురం దగ్గర పెన్నా లోయలో హోవార్డ్ క్యాంప్‌బెల్ అనే ఆయన దీన్ని చూశాడు. ఆ తర్వాత ఎనభై ఐదేళ్ళు ఎవరికీ కనిపించలేదు. పెద్ద పెద్దవాళ్ళు వెతికారు. ఇక ఈ పిట్ట అంతరించిపోయింది అనుకున్నారు. 1985లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వచ్చి, ఊరూరా మనుషుల్ని అడగడం మొదలుపెట్టాడు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో, పిట్టలు పట్టే అలవాటున్న ఐతన్న రాత్రిపూట లైటు వేసి ఒక పిట్టని పట్టుకున్నాడు. అదే కలివికోడి. ఆ పిట్ట బతకలేదు కానీ, జాతి బతికే ఉందని దేశానికి తెలిసింది. సలీం అలీ అంతటి ఆయన ఆ వయసులో కదిలి చూడ్డానికి వచ్చాడు. 1988లో లంకమల అభయారణ్యం వచ్చింది.

ఎనభై ఐదేళ్ళు ఎందుకు దొరకలేదు? అది రాత్రి తిరిగే పిట్ట. పగలు పొద కింద కదలకుండా కూర్చుంటే పక్కన నడిచినా కనపడదు. వెతికినవాళ్ళు పగలు వెతికారు. రాత్రి అడవిలో లైటు పట్టుకుని తిరిగేవాళ్ళని అడిగేదాకా దొరకలేదు. పుస్తకాల్లో "అంతరించిపోయింది" అని ఉన్న ఆ ఏళ్ళలో కూడా, పొదల పక్క బతికేవాళ్ళకి అది ఉన్నట్టే లెక్క.

2000 తర్వాత పరిశోధన చేసినవాళ్ళు ఇంకో పద్ధతి వాడారు. పొదల మధ్య మెత్తని మట్టి పరిచి, తెల్లారి వచ్చి దాని మీద పడ్డ అడుగుజాడలు చూసి, కలివికోడి నడిచిందా, తీతువు నడిచిందా అని తేల్చారు. మంచి పద్ధతి. చదువుతుంటే మాకు నవ్వూ వచ్చింది, గర్వమూ వచ్చింది. మట్టి మీద జాడ చూసి ఉడుమా, కుందేలా, పందికొక్కా అని చెప్పే తాతలు మన ప్రతి కాలనీలో ఉన్నారు. వాళ్ళకి దాన్ని "మెథడ్" అంటారని తెలియదు, అంతే తేడా.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కలివికోడిని యానాదులే కనిపెట్టారు అని మేము అనడం లేదు. అట్లా వాట్సాప్ లో తిప్పొద్దు. ఐతన్న పేరు మీద మన కులం జెండా పాతొద్దు. మనకి ఆధారం లేని గొప్పలు అవసరం లేదు, ఆధారం ఉన్నవే చాలా ఉన్నాయి. మేము అనేది ఒక్కటే. ఈ కథలో ప్రతి మలుపులోనూ అక్కడి మనిషి ఒకడు ఉన్నాడు, పిట్ట పేరులో మాత్రం ఒక్కసారి కూడా లేడు.

ప్రపంచంలో ఈ గొడవ ఇప్పుడు గట్టిగానే నడుస్తోంది. అమెరికాలో మెక్‌కౌన్ అనే ఆయన పేరుతో ఒక పిట్ట ఉండేది. ఆయన బానిసత్వాన్ని నిలబెట్టడానికి యుద్ధం చేసిన పక్షంలో సైన్యాధికారి. 2020లో ఆ పేరు తీసేసి, లావు ముక్కు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 2023 నవంబరులో అమెరికన్ ఆర్నిథలాజికల్ సొసైటీ ఇంకా ముందుకు వెళ్ళి, తమ పరిధిలో మనుషుల పేర్లు ఉన్న పిట్టల ఇంగ్లీషు పేర్లన్నీ మారుస్తామని ప్రకటించింది. కొందరు మెచ్చుకున్నారు, కొందరు తిట్టారు. శాస్త్రీయ నామాలకి అంతర్జాతీయ నియమాలు ఉన్నాయి, ఇష్టం వచ్చినట్టు మార్చడానికి కుదరదు. ఇంగ్లీషు పేరుకి అట్లాంటి కట్టుబాటు లేదు, వాడేవాళ్ళు ఒప్పుకుంటే మారుతుంది.

మరి జెర్డాన్ పేరు కూడా తీసేయాలా? దీని మీద మాలో మాకే వాదన జరిగింది. చివరికి మేము ఒప్పుకున్నది ఇది. జెర్డాన్ ఊచకోతలు చేసినవాడు కాదు. ఓపిగ్గా అడిగాడు, విన్నాడు, మన మాటల్ని కనీసం రాసైనా పెట్టాడు. ఆయన రాయకపోతే "అడవి వుట తిత్తి" అనే ముక్క కూడా మిగిలేది కాదు. ఆయన పేరు చెరిపితే మన పేరు దానంతటదే రాదు. చెరపడం మా కోరిక కాదు, మన పేరు ముందు రాయడమే మా కోరిక. తెలుగు పాఠ్యపుస్తకంలో, ఫారెస్టు వాళ్ళ బోర్డు మీద, పేపర్లో, మన పోస్టుల్లో ముందు కలివికోడి అని ఉండాలి. తర్వాత కావాలంటే ఇంగ్లీషు పేరు. ఇప్పుడు చాలాచోట్ల తలకిందులుగా ఉంది. మన పిల్లాడు కలివి పండు తింటూ, పొద పక్కనే కూర్చుని, "జెర్డాన్స్ కోర్సర్" అని బట్టీ కొడుతున్నాడు. రెండూ ఒకటే సంగతి అని వాడికి ఎవరూ చెప్పలేదు.

"పేరు మారిస్తే కడుపు నిండుద్దా?" అని కొందరు అన్నలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఇంటి పట్టా లేని, ఆధార్ కార్డులో పేరు తప్పుపడిన, కుల సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనకి పిట్ట పేరు ఎందుకు? మా జవాబు ఇది. మన దగ్గర భూమి లేదు, డబ్బు లేదు. ఉన్నదల్లా తెలివిడి. ఏ పొద కింద ఏముంటుంది, ఏ కూత ఎప్పుడు వినిపిస్తుంది, ఏ ఆకు దేనికి పనికొస్తుంది అనే తెలివిడి. అది మన ఆస్తి అని ముందు మనమే ఒప్పుకోకపోతే, వేరేవాళ్ళు దాన్ని "స్థానికుల సాయంతో" అనే రెండు మాటల్లో సర్దేసి, మిగతాదంతా వాళ్ళ పేరున రాసుకుంటారు. 1848లో జరిగింది అదే. ఇప్పుడూ జరిగేది అదే.

ఇది మాటవరసకి అనేది కాదు, చట్టంలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(కె) చూడండి. జీవవైవిధ్యం గురించి మన సంప్రదాయ జ్ఞానం మీద మనకి సామూహిక హక్కు ఉందని రాసుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలి. ఊళ్ళో ఉన్న చెట్లు, జంతువులు, పిట్టలు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు అందులో రాయాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ ఎక్కడుంది అని ఎవరన్నా అడిగారా? అడగండి. అందులో మన కాలనీ పెద్దల్ని అడిగి రాశారా, ఆఫీసులో కూర్చుని నింపారా అని కూడా అడగండి.

ఇంకో చేదు నిజం ఉంది. మన ముసలివాళ్ళని పిట్టల గురించి అడిగితే సగం మంది నోరు విప్పరు. ఎందుకు? వాళ్ళకి పిట్ట తెలిసింది వల వేసి పట్టడం వల్ల. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అది నేరం. పేరు చెప్తే కేసు పెడతారేమో అనే భయం. చట్టం అవసరమే, కలివికోడి లాంటి పిట్టని ఇప్పుడు ఎవరు పట్టినా మేము ఒప్పుకోం. కానీ ఆ భయం వల్ల ఏమవుతోంది? తాత తన తెలివిడిని తప్పు చేసినవాడిలా దాచుకుంటున్నాడు. మనవడు అది సిగ్గుపడే సంగతి అనుకుంటున్నాడు. ఒక తరం దాటితే కౌజు ఏది, పూరేడు ఏది, జెముడుకాకి కూత ఎట్లా ఉంటుంది అన్నీ పోతాయి. వేట ఆగాలి. తెలివిడి ఆగకూడదు. ఈ రెండూ వేరు చేసి పెద్దవాళ్ళకి ధైర్యం చెప్పాల్సింది చదువుకున్న మనమే.

కలివికోడి ఇప్పుడు ఎట్లా ఉంది? బాగా లేదు. ప్రపంచంలో అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న పిట్టల్లో ఒకటి. పొదలు కొట్టేశారు, పొలాలు చేశారు, క్వారీలు తవ్వారు. తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల మీదికి కూడా వచ్చింది, కాలువ దారి మార్చాల్సి వచ్చింది. ఇందులో మనకీ ఒక ముడి ఉంది. ఆ తెలుగుగంగ నీళ్ళే మన సోమశిలకి వస్తాయి. కాలువ వద్దు అనడం మనకి సులువు కాదు, అనకూడదు కూడా. కానీ నీళ్ళకీ పొదలకీ మధ్య దారి వెతికేటప్పుడు, ఆ పొదల మధ్య బతికేవాళ్ళని కూడా కూర్చోబెట్టి అడగాలి. 2009 తర్వాత ఏళ్ళ తరబడి నమ్మకమైన జాడ లేదు. 2025లో కడప వైపు దాని కూత రికార్డు చేశామని పక్షులు చూసే బృందం ఒకటి ప్రకటించింది. కూత వినిపించింది అంటే ఆశ ఉన్నట్టే. దాని గుడ్డు ఒకటి స్కాట్లండులో అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఉందని 2013లో బయటపడింది. పేరు ఇంగ్లండుకి పోయింది, గుడ్డు స్కాట్లండుకి పోయింది. పిట్ట అన్నా మన పొదల్లో మిగలాలి కదా.

అందుకని గ్రూపు తరఫున మేము అడిగేవి ఇవి.

ఒకటి. ఈ సెలవుల్లో ఇంటికి పోయిన ప్రతి ఒక్కరూ మీ తాతనో, అవ్వనో, మేనమామనో కూర్చోబెట్టి పది పిట్టల పేర్లు చెప్పించి ఫోన్ లో రికార్డు చేయండి. పేరు, కూత, ఎక్కడ ఉంటది, ఏ కాలంలో కనిపిస్తది. వాళ్ళ నోటి మాట అట్లాగే ఉండనీయండి, పుస్తకం తెలుగులోకి దిద్దొద్దు. తెలుగు అక్షరాల్లో రాసుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఏమవుతుందో అడవి వుట తిత్తికి అయింది చూశాం.

రెండు. చెప్పినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరు, ఊరు పక్కన రాయండి. "స్థానికులు" అని రాయొద్దు. మన రాతల్లో కూడా మనవాళ్ళకి పేరు లేకపోతే ఇంకెక్కడ ఉంటది?

మూడు. గూడు ఎక్కడుంది, ఏ పొద దగ్గర కనిపించింది అనే గుర్తులు గ్రూపులో పెట్టొద్దు. ఫొటో కోసం లైట్లు వేసుకుని వచ్చేవాళ్ళు ఉంటారు, పట్టుకుపోయేవాళ్ళూ ఉంటారు.

నాలుగు. మీ ఊరి బడిలో టీచరుగారితో మాట్లాడండి. కలివికోడి అనే పేరు బోర్డు మీద రాయించి, కలివి కొమ్మ ఒకటి పట్టుకెళ్ళి పిల్లలకి చూపించండి. ఒక్క గంట చాలు.

ఐదు. ఫారెస్టు వాళ్ళు గానీ, పరిశోధన చేసేవాళ్ళు గానీ దారి చూపించమని వస్తే, సాయం చేయండి. కానీ కూలి ఎంత, రాతలో పేరు వేస్తారా, రాసింది మాకు తెలుగులో చెప్తారా, ఈ మూడూ ముందే అడగండి. అడగడం తప్పు కాదు. మంచివాళ్ళు సంతోషంగా ఒప్పుకుంటారు.

జెర్డాన్ మన పెద్దల్ని అడిగి రాసుకున్నాడు, ఆయన పేరు నిలిచింది. మన పెద్దల్ని మనం అడగడానికి ఓడ ఎక్కి రావాల్సిన పని లేదు, మంచం పక్కన కూర్చుంటే చాలు. మీ పది పేర్లు కామెంట్లలో పెట్టండి. ఒకే పిట్టకి మర్రిపాడులో ఒక పేరు, ఉదయగిరిలో ఇంకో పేరు ఉంటే రెండూ పెట్టండి. ఏది కరెక్టు అని కొట్టుకోవద్దు, రెండూ మనవే.